డైరీలో ఎర్ర సిరా

మా అక్క కంటిచూపును ఒక్క పదంతో ఆర్పేయబోయిన ఘనుణ్ణి నేను. చదివి నవ్వండి. ఎవరికీ చెప్పకండి అని అడగను, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా అందరికీ తెలుసు.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి గ్రేడు కట్టి రిటైరైనవాణ్ణి. ఎవరేం చెప్పినా ఆ రోజే డైరీలోకి ఎక్కిస్తాను. స్పష్టంగా లేదనిపిస్తే ఎర్ర పెన్నుతో సరిదిద్ది మరీ ఎక్కిస్తాను. జబ్బంతా అక్కడే.

నాలుగేళ్ల కిందట అక్క మనవరాలు శైలజ హైదరాబాదు ల్యాబు నుంచి ఫోన్ చేసింది.

"ఏం పని చేస్తాండావు తల్లీ?"

"పొరలో ఉండే ప్రోటీన్ల ఆకారం కనుక్కుంటాండాం తాతా. అది తెలిస్తే సరిపడే మందు చేయొచ్చు."

మా వైపు పొర అంటే ఒకటే, ముసలివాళ్ల కంట్లో వచ్చేది. ఆ వారమే ఎమ్మిగనూరులో అక్కకు పొర తీసే ఆపరేషన్. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టరు ముందే చెప్పాడు. నేను డైరీ చంకన పెట్టుకుని బస్సెక్కాను.

"కత్తి అంటే కాళ్లూ చేతులూ ఆడల్యారా తమ్ముడూ," అంది అక్క.

"కత్తి యాల అక్కా? నీ మనవరాలే పొరకు మందు కనుక్కుంటాంది!"

"నిజమేనా?"

"డైరీలో ఉంది!"

అంతే, ఆస్పత్రి చీటీ పొయ్యిలోకి పోయింది. రెండు రోజుల్లో వీధిలోని పొరలన్నీ ఆపరేషన్లు మానేసుకున్నాయి.

ఆపరేషన్‌కు తోడుండాలని వచ్చిన శైలజ ఆటో దిగేసరికి, అక్క ఇంటి అరుగు మీద పదకొండు మంది వేళ్లతో రెప్పలు విప్పుకుని, ఎండలో మొసళ్ల మాదిరి కూర్చున్నారు.

"తొందరగా ఏసేయ్ పాపా, బస్సు పోతాది," అంది ముందున్న అవ్వ.

"ఏం వేయాలవ్వా?"

"పొర మందు!"

శైలజ బ్యాగు మీదే కూలబడింది. "ఇది కంటి పొర కాదవ్వా! ఒంట్లో కంటికి కనపడనంత చిన్న కణాలుంటాయి. ఒక్కోదాని చుట్టూ పలచని పొర, దాంట్లో తలుపుల మాదిరి ప్రోటీన్లు. జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజ తీసినట్టు, సబ్బులాంటి దాంతో వాటిని బయటికి తీసి, చలిలో గడ్డకట్టించి, లక్షల ఫొటోలు తీస్తాం."

"తీసినాంక?"

"ఆ తలుపుకు పట్టే తాళంచెవి వెతకాల. అదే మందు."

"ఎన్నాళ్లు?"

"పదేళ్లు పట్టొచ్చు."

"అప్పటికి పొర ఉంటాది, మేముండం!" అని అవ్వ రెప్పలు వదిలేసింది. పదకొండు జతల కళ్లూ నా వైపు తిరిగాయి. పొరల్లోంచి కూడా అంత తీక్షణంగా చూడొచ్చని అప్పుడే తెలిసింది.

శైలజ డాక్టరు కాళ్లావేళ్లా పడి మర్నాడే ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పగానే అక్క నన్ను చూసి, "ఏంరా, బట్టతల ఎప్పుడొచ్చె? ఆ డైరీ యాడుంది, ఇట్ల తే," అంది.

ఫోన్ వచ్చిన రోజు పేజీ తీసింది. 'శైలజ పొరకు మందు కనుక్కుంటోంది.' 'పొర'కు ముందు, గీతపైన, ఎర్ర సిరాతో 'కంటి'.

"ఈ ముక్క ఎవరు చెప్పిరి?"

"స్పష్టంగా ఉంటుందని... నేనే..."

ఆమె ఎదుటే కింద రాశాను: 'ఇకపై ఎవరి మాటలోనూ నా మాట చేర్చనని ప్రమాణం చేస్తున్నాను.'

అక్క చదివింది. ఎర్ర పెన్ను లాక్కుని 'చేర్చను'కు ముందు గీతపైన ఇంకో ముక్క ఇరికించింది: 'చచ్చినా'.

స్పష్టంగానే ఉంది. సరిదిద్దలేదు.