వట్టివేళ్ల కారు

మొన్న వేసవిలో ఏలూరులో మా మనవరాలి కారు ఏసీ మొరాయించింది. గర్రుమని చప్పుడు మాత్రం చేస్తుంది, చల్లగాలి మాత్రం ఇవ్వదు. ఒక షెడ్డువాడు గ్యాసు అయిపోయిందని గ్యాసు ఎక్కించాడు. రెండోవాడు కంప్రెసరే పోయిందని తల అడ్డంగా ఊపాడు. మూడో మెకానిక్ కాస్త వయసు మళ్ళినవాడు, అంటే నాకంటే పాతికేళ్ళు చిన్న. ఆయన ఏ పరికరమూ ముట్టుకోలేదు. గోడమీది పాత కేలెండరు కాగితాన్ని సన్నగా చింపి, గాలి రావలసిన కంత ముందు పట్టుకుని చూశాడు. కాగితం కదల్లేదు. "చల్లదనం తయారవుతానే ఉందమ్మా. లోపలికి రాటానికే దారి లేదు" అని, ఎక్కడో చెయ్యిపెట్టి దుమ్ముతో, ఎండిన వేపాకుతో పూడుకుపోయిన ఫిల్టరు ఒకటి బయటికి లాగాడు. వెనక సీట్లో కూర్చున్న నేను పైకే నవ్వేశాను. "ఎందుకమ్మమ్మా నవ్వుతున్నావు?" అంది మనవరాలు. చెప్పాలంటే మా అత్తగారి దగ్గర మొదలుపెట్టాలి. ఆ పిల్లకు అంత ఓపిక లేదు. మీకు ఉందనుకుంటాను.

నేను కాపురానికి వెళ్ళింది పందొమ్మిది వందల ముప్ఫైలలో, తాడేపల్లిగూడేనికి నాలుగు మైళ్ళ అవతల ఉన్న ఒక ఊరికి. అది ఘోషా పాటించే ఇల్లు. ఆడవాళ్ళు వీధి గుమ్మం దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. దాటవలసి వస్తే చుట్టూ తెరలు కట్టిన బండిలో దాటాలి. మా అత్తగారు పదేళ్ళ వయసులో అలాంటి బండిలోనే ఆ ఇంటికి వచ్చారు. నేను వెళ్ళేనాటికి ఆవిడకు నలభై అయిదు. ఆ ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ ముఖం చూసిన పరాయివాళ్ళు గాజులమ్మే ముసలమ్మ, మంత్రసాని తప్ప ఇంకెవరూ లేరు. ఆవిడ గదికి రెండు కిటికీలు. ఒకటి పెరట్లోకి. రెండోది వీధివైపుది, ఆవిడ పెళ్ళినాడే దాని రెక్కలకు మేకులు కొట్టేశారట. దీని గురించి ఆవిడ ఎప్పుడూ బాధగా మాట్లాడలేదు. పైగా ఆ గదిలోనే కూర్చుని ఇంట్లో పదిమందినీ హడలగొట్టేవారు. నాకు మాత్రం కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఊపిరి ఆడనట్టు అనిపించింది. పుట్టింట్లో నేను కాలవలో ఈతకొట్టిన పిల్లను. ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుని పంపింది.

నా తొలి కాన్పు నిలవలేదు. మళ్ళీ నెల తప్పగానే మామగారికి భయం పట్టుకుంది. ఈసారి ఏలూరు మిషను ఆసుపత్రి డాక్టరమ్మకు చూపించాలన్నారు. ఆరో నెలలో నా కాళ్ళకు నీరు పట్టింది. పదిహేను రోజులకొకసారి తప్పకుండా తీసుకురావాలని, ఒక్కసారి మానినా బిడ్డ దక్కుతుందో లేదో చెప్పలేనని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. రైలెక్కితే పదిమంది కంటా పడాలి. ముప్ఫై మైళ్ళు ఎడ్లబండిలో కుదిపితే ఏమవుతుందో తొలి కాన్పప్పుడే చూశాం కనుక, మామగారు ఎవరో అమ్ముతున్న పాత మూతకారు ఒకటి కొన్నారు. నల్లది. లోపల వెనక సీటుకూ డ్రైవరుకూ మధ్య ఒక పలక, ఆ పలక మీద తెర, పక్క కిటికీలకూ తెరలు. అది వచ్చింది చైత్రంలో. ఎండలు అప్పటికే మండుతున్నాయి.

మామగారికి యంత్రాలంటే సరదా. రోకలి చూసినా దానికి చక్రం ఎక్కడ తగిలించాలా అని ఆలోచించే మనిషి. వేసవిలో గుమ్మాలకు కట్టే వట్టివేళ్ల తడికలు కారుకి మాత్రం ఎందుకు కట్టకూడదని ఆయనకు తోచింది. కారు ఎడమవైపు అద్దం తీయించి, ఆ కంతకు సరిపోయేలా తడిక అల్లించారు. కారుపైన నీళ్ళ రేకుడబ్బా, దాన్నుంచి సన్నని గొట్టం, గొట్టానికి చిల్లులు. కారు నడుస్తుంటే నీటిబొట్లు తడిక మీద పడతాయి, వడగాడ్పు ఆ తడివేళ్లలోంచి దూరి చల్లబడి, కమ్మని వాసనతో లోపలికి వస్తుంది. కనిపెట్టినాయన తానే మొదట ఎక్కి, భీమడోలు దాకా వెళ్ళి వచ్చి, "కొండమీద కూర్చున్నట్టుందిరా!" అని వీధరుగు మీద చెప్పుకుంటుంటే నాకు లోపలి గదిలోకి వినిపించింది. నా కడుపులో బిడ్డ కూడా విన్నదేమో, ఓ తన్ను తన్నింది.

తీరా నేనూ అత్తగారూ ఎక్కి కూర్చుంటే అది కొండ కాదు, కుడుములు వండే పాత్ర. పుల్ల దాటేసరికి ఒళ్ళంతా చెమట, కళ్ళు బైర్లు. తడిక మీద నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, వాసనా వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. ఇంటికి వచ్చి చెబితే మామగారు నమ్మలేదు. మర్నాడు తానే ఎక్కి ఓ చుట్టు తిరిగి వచ్చారు. "చల్లగానే ఉందే! కడుపుతో ఉన్న పిల్ల, దానికి అలాగే అనిపిస్తుంది" అన్నారు. అత్తగారికి కూడా రవిక తడిసి ఒంటికి అంటుకుపోయింది. కానీ భర్త కట్టించిన దానికి వంక పెట్టడం ఆవిడ ఒంట్లో లేదు. రెండోసారికి పాత వేళ్లు తీసేసి ఏలూరు నుంచి తాజా వేళ్లు తెప్పించి అల్లించారు. అంతే ఉడుకు. మూడోసారికి గొట్టానికి చిల్లులు పెంచి నీళ్ళు రెట్టింపు చేశారు. అప్పుడు ఇంకా అన్యాయం, ఆవిరిలో ఉడికాం. ఆ కారుని బాగుచేయగలిగిన మగవాళ్ళెవరూ అది చెడిపోయి ఉన్నప్పుడు అందులో లేరు. అందులో ఉన్న మా ఇద్దరి మాటా ఎవరికీ లెక్కలోకి రాలేదు. ఈ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నాలుగో ప్రయాణంనాటికి రోహిణికార్తె వచ్చింది. మామగారు కోర్టు పని మీద ముందురోజే రైల్లో ఏలూరు వెళ్ళారు, ఆసుపత్రి దగ్గర కలుస్తానన్నారు. కారులో వెనక మేమిద్దరం, ముందు డ్రైవరు. ఆ డ్రైవరు మిషను బడిలో చదివి, ఏదో వర్కుషాపులో పని నేర్చిన మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. మేము ఎక్కేటప్పుడు కారుకి వీపు తిప్పి నిలబడేవాడు. అతని గొంతు నాకు తెలుసు, ముఖం తెలియదు. పలకకు రెండుసార్లు తట్టితే ఆపాలని, ఒకసారి తడితే పోనిమ్మని, అంతే మాకూ అతనికీ ఉన్న సంభాషణ. కైకరం దాటాక రేడియేటరులో నీళ్ళు మరిగి బండి ఆగింది. పక్కనే కాలవ. అతను నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు. నాకు కళ్ళముందు నల్లగా తిరిగింది. కిటికీ తెర అంచు పట్టుకుని పక్కకు లాగబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టేసుకున్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజు ఒకటి చిట్లింది. ఆ తరువాత ఏమైందో నాకు తెలియదు. తెలివి వచ్చేసరికి నా తల ఆవిడ ఒళ్ళో ఉంది, ఆవిడ చెంగు తడిపి నా ముఖం తుడుస్తూ, పలక మీద దబదబా బాదుతున్నారు.

"ఏవండీ అమ్మగారూ, ఏవైందండీ?" అన్నాడు అతను, బయటినుంచే.

ముప్ఫై అయిదేళ్ళలో అత్తగారు ఒక పరాయి మగవాడికి జవాబు చెప్పడం అదే మొదలు. "అమ్మాయి పడిపోయింది. ఈ పెట్టెలో ఊపిరాడట్లేదు. ఏదో ఒకటి చెయ్యి నాయనా!"

అతను కాలవ వైపు తిరిగి మాట్లాడుతున్నట్టు గొంతు దూరంగా వినిపించింది. "నేను లోపలికి చూడకూడదు కదండీ. చూడకుండా చెప్పాలంటే మీరే నాకు కళ్ళవ్వాలండి. ఊదొత్తి ఏవన్నా ఉందాండీ?"

అత్తగారి సంచిలో విభూతితో పాటు ఊదొత్తులు ఎప్పుడూ ఉండేవి. గాలి లేక చస్తుంటే పొగ పెట్టమంటాడేమిటి వీడు అని ఆవిడ గొణిగారు కానీ, పలక మీదుగా అతను అందించిన అగ్గిపెట్టె తీసుకుని వెలిగించారు. అతను కారు నెమ్మదిగా నడుపుతూ అడగడం మొదలుపెట్టాడు. "తడిక దగ్గర పెట్టండమ్మగారూ. పొగ ఎటు పోతందండీ?" ఆవిడ పట్టుకుని చూశారు. "ఎటూ పోవట్లేదు. నిటారుగా పైకి లేస్తోంది." "పైకెళ్ళి?" "అక్కడే చుట్టలు చుట్టుకుని కూర్చుంది, మనలాగే."

అతను పట్టరాని నవ్వు ఆపుకున్నట్టు దగ్గాడు. "అదండీ రోగం. నీళ్ళదీ కాదు, వేళ్లదీ కాదు. లోపలున్న గాలి బయటికి పోతేనే కదండీ కొత్తగాలి లోపలికొచ్చేది. అయ్యగారు కూర్చున్నప్పుడు కుడిపక్క అద్దం దించుకుంటారండి. మీరు కూర్చుంటే అద్దం ఎత్తేసి, తెరేసేస్తారు. ఆ కుడిపక్క అద్దం సగం దించండమ్మగారూ."

ఇంత చిన్న సంగతికి మూడు ప్రయాణాలు ఉడికిపోయాం. అత్తగారు తెర వెనక చెయ్యి పెట్టి అద్దం దించారు. ఒక్క క్షణం పొగ అటు వాలింది. అంతలోనే తెరగుడ్డ ఎగిరి కిటికీకి తడిగుడ్డలా అతుక్కుపోయింది. పొగ మళ్ళీ నిటారుగా లేచింది. ఆవిడ ఆ సంగతి చెప్పారు. "అయితే తెర తియ్యాలండి" అన్నాడు అతను నెమ్మదిగా. "అది నేను చెప్పే మాట కాదండి. కానీ గూడేనికైనా ఏలూరుకైనా సగం దూరంలో ఉన్నాం."

అత్తగారు నావైపు చూశారు. నా కడుపు మీద చెయ్యి వేసి, బిడ్డ కదులుతోందా లేదా అని తడిమారు. తరువాత నన్ను తడికవైపు జరిపి, నా తలమీద చెంగు ముఖం కప్పేలా లాగి, తాను కుడివైపుకి జరిగి కూర్చున్నారు. "నువ్వు చిన్నదానివి, నిన్ను ఎవరూ చూడకూడదు. నేను ముసలిదాన్ని, చూస్తే చూడనీ" అని, తెరని ఒక్క లాగు లాగి కట్టేసి, ఆ కిటికీకి తన భుజాన్నీ ముఖాన్నీ అడ్డంపెట్టారు. తెర ఉండవలసిన చోట ఆవిడ కూర్చున్నారు. ఊదొత్తి పొగ వంగి, ఆవిడ చెవి పక్కనుంచి బయటికి పోయింది. ఇటువైపునుంచి వట్టివేళ్ల చల్లదనం నా మెడమీదికి వచ్చింది. నేను ఏడ్చేశాను.

గుండుగొలను దగ్గర గేదెలమంద అడ్డం వచ్చి కారు ఆగింది. కొల్లేరు వైపు నుంచి ఒకామె నెత్తిన చేపల కుండతో వస్తోంది. కిటికీలో కనిపించిన ముఖాన్ని చూసి ఏమాత్రం వింతపడకుండా, "ఏవమ్మా, కొర్రమేనులు కావాలా? బతికున్నాయి" అంది. ముప్ఫై అయిదేళ్ళుగా దాచిపెట్టిన ముఖానికి లోకం వేసిన మొదటి ప్రశ్న అది. అత్తగారు కాసేపు తడబడి, "ఇవాళ వద్దమ్మా. రేపొస్తావా?" అన్నారు. ఏ రేపు, ఎక్కడికి రేపు? నాకు నవ్వాగలేదు. అక్కణ్ణుంచి దెందులూరు దాకా ఆవిడ నోరు మూతపడలేదు. అది ఏ పిట్ట, అంత తెల్లగా ఉంది? కాలవలో పడవని మనుషులు తాడుతో లాగుతున్నారే, ఎద్దులు లేవా? ఆకాశం ఇంత కిందికి ఉంటుందా? నేను ఆవిడ చెవికీ కిటికీ చట్రానికీ మధ్య ఉన్న రెండంగుళాల సందులోంచి అవన్నీ చూశాను.

ఆసుపత్రి వరండాలో నిలబడ్డ మామగారికి, పట్టపగలు నడివీధిలో తన భార్య ముఖం కారు కిటికీలో కనిపించింది. డ్రైవరు దిగి వీపు తిప్పి నిలబడ్డాడు. ఇతని ఉద్యోగం ఈ పూటతో సరి అనుకున్నాను. "తెర ఏమైంది?" అన్నారు చివరికి మామగారు. "తెర వేస్తే మీరు కట్టించిన యంత్రం పనిచెయ్యట్లేదండీ" అన్నారు అత్తగారు, ఎంతో వినయంగా. తన యంత్రం గొప్పదా, తెర గొప్పదా తేల్చుకోలేక ఆయన గొంతు సవరించుకున్నారు. మిగిలిన ప్రయాణాలన్నింటికీ అత్తగారి చోటు అదే అయింది. వర్షాలు పడి తడిక అవసరం తీరిపోయాక కూడా, "గాలి ఆడాలి కదా" అని ఆవిడ ఆ కిటికీ పక్కనే కూర్చునేవారు.

శ్రావణంలో నాకు ఆడపిల్ల పుట్టింది. మొన్న షెడ్డులో ఎందుకు నవ్వుతున్నావని నన్నడిగిన మనవరాలి తల్లి ఆ పిల్లే. కాన్పు అయిపోయింది కనుక ఏలూరు ప్రయాణాలూ అయిపోయాయి. కారు మామగారిది అయింది. అత్తగారు తన గదిలోకి వెళ్ళిపోయారు, మళ్ళీ పదిమందినీ హడలగొట్టడం మొదలుపెట్టారు. అంతా మామూలే అనుకున్నాను. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం పిల్లను చంకనెత్తుకుని ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. పెరటి కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆవిడ దాని ముందు ఊదొత్తి వెలిగించి పట్టుకుని నిలబడి ఉన్నారు. పొగ నిటారుగా పైకి లేస్తోంది. ఆవిడ తల తిప్పి, ఎదురుగోడలో మేకులు కొట్టి ఉన్న వీధి కిటికీని చూశారు. తరువాత నన్ను చూశారు. ఏమీ అనకుండా ఊదొత్తిని తీసుకెళ్ళి దేవుడి పటం ముందు గుచ్చేశారు. నేనూ ఏమీ అనలేదు. కోడలిని, ఇరవై ఏళ్ళు కూడా లేవు, ఏమంటాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఆ మేకులు పీకించమని నోరు తెరవడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. పీకడానికి వడ్రంగికి పావుగంట కూడా పట్టలేదు. అప్పటికి అత్తగారు పోయి రెండేళ్ళు.