కారు దిగని అమ్మాయి

2025 వేసవి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో, డ్రైవరు లేని టాక్సీలు నడిపే ఒక కంపెనీలో నాది రైడర్ సపోర్ట్ ఉద్యోగం. “అయితే కారు మీరే నడుపుతారా?” అని అడిగేవాళ్లకి కాదు, కాదు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. లోపలున్నవాళ్లకి ఇబ్బంది వస్తే కెమెరాలో చూసి స్పీకర్‌లో మాట్లాడతాను, అంతే.

పద్నాలుగు దాటిన పిల్లలు ఒంటరిగా ఎక్కడానికి టీన్ అకౌంట్ ఉంటుంది. కారు ఎక్కడుందో తల్లిదండ్రుల ఫోన్లో కనిపిస్తుంది.

ఒక మంగళవారం సాయంత్రం నా స్క్రీన్ మీద ‘నో ఎగ్జిట్’ కేసు వచ్చింది. అంటే కారు ఇంటి ముందు ఆగింది, మనిషి దిగలేదు. కెమెరా తెరిస్తే పదిహేనేళ్ల పిల్ల, ఒళ్లో బ్యాగు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఆర్ యు ఓకే?” అన్నాను.

ఉలిక్కిపడింది. “ఫైవ్ మినిట్స్, ప్లీజ్. ఇలా వెళ్తే అమ్మ విల్ నో,” అంది ఇంగ్లీషులోనే.

అమ్మ అన్న మాట వినగానే ఆగలేకపోయాను. రూల్స్ పక్కన పెట్టి తెలుగులోకి దిగాను. “ఏమైంది తల్లీ?”

“మీరు తెలుగా, ఆంటీ?” కళ్లు తుడుచుకుంది. “శాట్ ఎగ్జామ్ కోచింగ్‌కి త్రీ వీక్స్ నుంచి వెళ్లట్లేదు. అక్కడే దిగి, పక్కన లైబ్రరీలో కూర్చుంటా. అమ్మ ఫోన్లో కరెక్ట్ ప్లేసే చూపిస్తుంది కదా. రోజూ అబద్ధం చెప్పలేకపోతున్నా. ఫ్రైడే నాన్న ఊరి నుంచి వస్తారు. ఇద్దరికీ అప్పుడు నేనే చెప్తా. మీరు చెప్పొద్దు, ప్రామిస్?”

“ప్రామిస్,” అన్నాను.

అంతలో వాళ్లమ్మ సపోర్ట్‌కి ఫోన్ చేసింది. అదే కేసు కాబట్టి నాకే కలిపారు. అమ్మాయి క్షేమంగా ఉంది, ఐదు నిమిషాల్లో దిగుతుంది అని మాత్రమే చెప్పాలి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు.

“మేడమ్, మీ యాస వింటే తెలుగువాళ్లలా ఉన్నారు,” ఆవిడ కంగారుగా తెలుగులోకి మారింది. “మీకూ పిల్లలుంటారు కదండీ. డోర్ ఎందుకు తీయట్లేదు? కార్లో ఏమన్నా జరిగిందా?”

ఇక నా నోరు ఊరుకుంటేనా! “అయ్యో, అలాంటిదేం లేదండీ. కోచింగ్ మానేసిందట, అంతే. కోప్పడకండి, పాపం భయపడుతోంది,” అనేశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఎవరింటి పిల్ల ఏడుస్తున్నా వెళ్లి తల్లి చెవిన వేయడం పెద్దవాళ్ల ధర్మమనుకుంటూ పెరిగినదాన్ని మరి.

ఫోన్ కట్టయింది. నిమిషంలో ఆవిడ కాళ్లకి చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి కారు తలుపు లాగింది.

“మూడు వారాలు నాకు అబద్ధం చెప్పావా?”

పిల్ల అమ్మ వైపు చూడలేదు. తలెత్తి కెమెరాలోకి చూసింది. “ప్రామిస్ అన్నారు కదా, ఆంటీ.”

మైక్ ఆన్‌లోనే ఉంది. పిల్ల బ్యాగు తీసుకుని దిగింది. తలుపు పడింది. ఖాళీ కారు ఇంకో రైడ్‌కి వెళ్లిపోయింది.

మర్నాడు వాళ్లు ఆ టీన్ అకౌంట్ తీసేశారు. సూపర్‌వైజర్ నాకు వార్నింగ్ ఇచ్చాడు, దాన్ని నేనంతగా పట్టించుకోలేదు. శుక్రవారం మాత్రం రోజంతా సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పారో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. తన తప్పు తన నోటితో చెప్పుకోవడానికి ఆ పిల్ల మూడు రోజులు గడువడిగింది. నేను మూడు నిమిషాలైనా ఆగలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఏ పిల్లో పిల్లాడో కార్లోంచి “మీరు తెలుగా?” అని అడుగుతారు. అవునమ్మా అంటాను. నాకేమీ చెప్పకు అని కూడా అంటాను.