దీవులకెళ్దామంటే

మా ఇంట్లో పగటిపూట ఎవరైనా ఊరికే కూర్చుంటే జ్వరమా అని నుదురు తాకి చూస్తారు. నల్లపాడు అవతల మిరపా పత్తీ వేసే ఇళ్లన్నీ అంతే. నారు పోసింది మొదలు, కాయ కల్లంలో ఎండి, టిక్కీ బస్తాలు కట్టి మిర్చి యార్డుకు తోలేదాకా మనిషికి తీరిక ఉండదు. తోలాక కూడా రేటు ఎంత పలికింది, పక్కవాడికి ఎంత పలికింది అన్న బెంగ మొదలవుతుంది. అదీ పనికింద లెక్కే.

ఒక వేసవిలో కల్లంలో కళ్లు తిరిగి పడిపోయాను. గుంటూరులో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, చివరికి, "రెస్టు తీసుకుంటారా అమ్మా?" అని అడిగింది.

"రాత్రిళ్లు పడుకుంటాను గదండీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడగలేదు. ఆ చూపు ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. నాకు జాలిపడేవాళ్లంటే పడదు. కానీ ఆ రోజు ఒళ్లు మండలేదు, భయమేసింది.

అండమాన్ దీవుల ఆలోచన మా అమ్మాయిది. దాని ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. తెల్లటి ఇసుక, పచ్చలరంగు నీళ్లు, ఆకుల గొడుగు కింద వాలుకుర్చీలో ఎవరో ఆడమనిషి పడుకుని ఉంది. మొహం మీద టోపీ బోర్లించుకుంది. కూర ఏం చెయ్యాలి, కూలీలు వచ్చారా, మోటారు కట్టారా అని ఆ మనిషిని ఎవరూ అడగరు. నాకు సముద్రం కంటే ఆ టోపీ నచ్చింది.

మా ఆయన విని నవ్వారు. "సముద్రం కావాలంటే సూర్యలంక లేదా? పొద్దున పోయి బజ్జీలు తిని సాయంత్రానికి రావచ్చు."

"బజ్జీల కోసం కాదండీ, పడుకోవడానికి."

"మనింట్లో మంచాల్లేవా?"

అలా అన్నారే గానీ, నేను కల్లంలో పడిపోయినప్పుడు ఎత్తుకొచ్చింది ఆయనే. అందుకే ఎక్కువసేపు బెట్టు చెయ్యలేదు. ఎప్పుడు వెళ్లాలన్నదే పేచీ అయింది. ఆకుముడత వచ్చే రోజుల్లో చేను వదలడానికి లేదు. కోతల్లో మాటే లేదు. వేసవి చివర వెళ్దామంటే అక్కడ వానలు మొదలవుతాయంది అమ్మాయి. అన్ని నెలలూ తోసెయ్యగా కల్లం ఎత్తి, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాక వచ్చే కొద్ది రోజులు మిగిలాయి. ఆ సందులోకి మా విహారయాత్రను ఇరికించాం.

ఇక మిగిలింది అత్తయ్య. డెబ్బై దగ్గరపడిన మనిషిని ఎవరి దగ్గర వదలాలి? మాతో రమ్మనడానికి ఆవిడ సముద్రం వైపు రాదు. ఆవిడ పుట్టిల్లు కృష్ణ అవతల, సముద్రం పక్క ఊరు. పుట్టింటివాళ్లంతా ఉప్పెనలో పోయారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన మేనత్త ఈ ఒక్క ముక్క చెప్పి, "ఆ మాట మాత్రం ఎత్తకు" అంది. నేను ఎత్తలేదు. కార్తీక పౌర్ణమికి ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి సముద్ర స్నానానికి పోయేటప్పుడు అత్తయ్య బండి కదిలేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్లిపోయేది.

నేను వెళ్లేసరికి వసారాలో కూర్చుని పచ్చడికని పండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"అత్తయ్యా, కల్లం ఎత్తాక దీవులకెళ్దామనుకుంటున్నాం" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "దివికా?"

"ఊఁ, దీవులకే. అందరం."

చేతిలో ఉన్న మిరపకాయ కింద పెట్టింది. తర్వాత, "నేనూ వస్తానమ్మాయ్" అంది.

నేను పరుగున వెళ్లి ఇంట్లో చెప్పాను. మా ఆయన నమ్మలేదు. ఇన్నేళ్ల భయం ఆఖరికి వదిలిందన్నారు. నాకైతే ఆ పుణ్యం నాదేనన్నంత సంబరమేసింది.

ఆ రోజు నుంచి అత్తయ్య మారిపోయింది. ఎప్పుడు బయల్దేరతామని ఆవిడే అడిగేది. ఒకనాడు నన్ను పిలిచి మంచి రవికె గుడ్డలు తెప్పించమంది.

"ఎవరికి అత్తయ్యా?"

"ఎవరో ఒకరు ఉండకపోతారా? వట్టి చేతులతో పోతామా?"

హోటలు వాళ్లకు రవికె గుడ్డలు పెట్టేలా ఉంది మీ అమ్మ అని మా ఆయనతో చెప్పి పడీపడీ నవ్వాను. గుడ్డలు మాత్రం తెప్పించాను.

టిక్కెట్లు తీయబోయే ముందు మా అమ్మాయి, "నానమ్మా, ఇదిగో మనం ఉండబోయేది" అని ఫోన్ చేతికిచ్చింది. అత్తయ్య దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇంత తెల్లటి ఇసక మా వైపు లేదే. తాటిచెట్లేవీ? అంతా కొట్టుకుపోయాక ఇట్టా చేశారా?"

"ఇది అండమాన్ నానమ్మా. విమానంలో వెళ్లాలి."

"దివికి విమానమేందే? పెనుమూడి కాడ వంతెన కట్టారుగా?"

అప్పటికి గానీ మాకు వెలగలేదు. కృష్ణ అవతల ఉన్నది దివిసీమ. అక్కడివాళ్ల నోట అది వట్టి దివి. దీవులని నేనన్న మాట ఆవిడకు అలాగే వినపడింది. ఇన్నాళ్లూ ఆవిడ సర్దుకుంటున్నది పుట్టింటి ప్రయాణానికి.

అత్తయ్య మా మొహాలు వరసగా చూసింది. "ఓహో, ఆ దీవులా!" అంది. ఫోన్ తిరిగిచ్చేసి నవ్వింది. "నా చెవులు పాడుగాను. మీరు పోయి రండి. నేను ఇంటికాడుంటా."

నిజం చెప్పొద్దూ, ముందు నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కనాడు నోరు తెరవని మనిషి, నేను ఒక్క కోరిక కోరిన ఏడాదే తెరవాలా అనిపించింది. ఆ కుర్చీ, ఆ టోపీ కళ్లముందే ఎవరో లాక్కుపోతున్నట్టయింది. గిన్నెలు దడదడలాడిస్తూ తోమాను. తోముతుంటే ఆ నవ్వు గుర్తొచ్చింది. అది ఎదుటివాళ్లు సిగ్గుపడకుండా ఉండటానికి నవ్విన నవ్వు. చేతులు కడుక్కుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"దివికి వెళ్లాలని ఎప్పుడూ అడగలేదేం అత్తయ్యా?"

చెప్పదనుకున్నాను. చెప్పింది. కొత్తగా పెళ్లయిన ఏడు, కార్తీక మాసంలో వాళ్ల నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు. పత్తి తీతలయ్యాక పంపిస్తామన్నారు అత్తింటివాళ్లు. ఆయన అన్నం తిని, సరేనని, బల్లకట్టు అందుకోవాలని తొందరగా వెళ్లిపోయాడు. తర్వాత ఉప్పెన వచ్చింది. ఊళ్లోవాళ్లు బియ్యం, బట్టలు పోగేసుకుని వెళ్తే వాళ్లతో మా మామగారూ వెళ్లారు.

"తిరిగొచ్చి, బావికాడ నీళ్లు పోసుకుని, అక్కడేం లేదన్నాడు మీ మామయ్య. ఏం లేదన్నాక, లేనిచోటికి తీసుకుపొమ్మని ఎట్టా అడగను? మీరంతట మీరు పోదామనేసరికి, ఏదన్నా ఉందేమో అనుకున్నా."

ఎత్తవద్దన్న మాట ఎత్తకపోవడం మర్యాద అనుకుంటూ వచ్చాం ఇంటిల్లిపాదీ. ఆవిడ ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తూ కూర్చుంది.

ఆ ఏడు అండమాన్ వెళ్లలేదు. నాకు ఆ కుర్చీ మీద ఆశ చచ్చిందని మాత్రం చెప్పను. కల్లం ఎత్తాక ఒక పొద్దున కారులో కృష్ణ దాటాం. వంతెన మీద అత్తయ్య కిటికీ అద్దం దింపించి, నీళ్లు అయిపోయేదాకా చూసింది.

ఆవిడ ఊరు చేరితే అక్కడ మామగారు చెప్పినట్టే ఉంది. అంటే, ఊరుంది, ఆవిడకు తెలిసిందేమీ లేదు. కొత్త కాలనీ ఇళ్లు, తుఫాను షెల్టరు, చుట్టూ చేపల చెరువులు. ఇల్లు ఎటువైపో పోల్చుకోలేక ఒక వీధి రెండుసార్లు తిరిగింది. సముద్రం ఇంకా అవతల ఉందన్నారు. అటు వెళ్దామని అడగలేదు. "పదండి పోదాం" అంటూ కారు వైపు తిరిగింది.

అప్పుడు ఒక ఇంటి ముందు మంచంలో కూర్చున్న పెద్దావిడ, చూపు సరిగా ఆనని మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి కేకేసింది. "ఎవరి పిల్లవమ్మా?"

అత్తయ్య ఆగిపోయింది. మా ఊళ్లో ఆవిడ ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాడి తల్లి. ఎవరి పిల్లవని అడిగినవాళ్లు లేరు. ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి వాళ్ల నాన్న పేరు చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

పెద్దావిడ మంచం పట్టె పట్టుకుని లేచింది. రెండు చేతులూ అత్తయ్య బుగ్గల మీద వేసి తడిమింది. "ఓసి నా తల్లీ! ఆ ఇంట్లో ఒకరు మిగిలారా!"

అత్తయ్య ఏడ్చింది. మామగారు పోయినప్పుడు కూడా అంత పెద్దగా ఏడవలేదు. మా ఆయన కారు అద్దం తుడవడానికని అటు వెళ్లారు. చాలాసేపటికి ఆయనే తిరిగొచ్చి, ఎండెక్కుతోంది, బయల్దేరదామా అన్నారు.

పెద్దావిడ గట్టిగా కసిరింది. "ఏందయ్యా బయల్దేరేది? పుట్టింటికొచ్చిన ఆడపిల్లని అన్నం పెట్టకుండా పంపుతామా?"

మా ఇంట్లో అందరూ తిన్నాక గానీ కంచం ముట్టని మనిషి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, ఇంకా పీట వాల్చకముందే కూర్చుంది.