సోతిర్ పార, ఫానియా బకెట్

సోతిర్ జేబుల్లో ఎప్పుడూ మట్టే. ఉతికే ముందు ఫానియా వాటిని తిరగేసి దులిపితే పూలకుండీకి సరిపడా రాలేది. "నేను మనిషిని కట్టుకున్నానా, కలుగు తవ్వే ఎలుకనా?" అని పెళ్ళయిన కొత్తలో అడిగింది. జవాబు ఇప్పటికీ రాలేదు.

ప్రెస్పా సరస్సు పక్కన ఆ ఊళ్ళో అందరివీ ఆపిల్ తోటలే. కాలువ నీళ్ళకు వంతు ఉంటుంది. వచ్చిన వంతు వదులుకున్నవాడు వాళ్ళ లెక్కలో పిచ్చివాడు. కుండపోతగా వాన కురుస్తున్నా సరే, గొడుగు పట్టుకుని వెళ్ళి తోటకు నీళ్ళు మళ్ళించేవాళ్ళు నా కళ్ళముందే ఉన్నారు. సోతిర్ ఒక్కడే వేరు. చెట్టు నీడ అంచున మోకాలి లోతు గుంట తీసి, అడుగు మట్టి గుప్పెడు పిడికిట్లో నొక్కి, ఆ ముద్దను బొటనవేలితో మీటేవాడు. విరిగితే మట్టి ఎండినట్టు, అప్పుడే నీళ్ళు. నిలిచిందా, పార భుజాన వేసుకుని ఇంటికి.

"మా సోతిరన్న చెట్ల చేత ఉపవాసాలు చేయిస్తున్నాడర్రా!" అని పొరుగింటి పాండె గేలి చేసేవాడు.

"దప్పిక తెలియని చెట్టు వేరు కిందికి దించదురా. పైనే కూర్చుని వడ్డించమంటుంది, మా బావమరిదిలాగా" అనేవాడు సోతిర్. ఆ మాట అన్న పూట ఫానియా అతనికి చల్లారిన చిక్కుళ్ళే పెట్టేది.

తోట వరసల చివర, వాకిలి పక్కన ఒక లేత చెట్టుంది. అది ఫానియా పుట్టింటి తేనె ఆపిల్. అక్కడ రోడ్డు వెడల్పు చేసినప్పుడు తల్లి చెట్టును కొట్టేశారు. ముందురోజు సోతిర్ వెళ్ళి మూడు పుల్లలు కోసుకొచ్చి అంటు కట్టాడు. ఒక్కటే బతికింది. ఆ రుచి ఇప్పుడు లోకంలో మరెక్కడా లేదని ఫానియా నమ్మకం. "మా నాన్న నాకు మిగిల్చింది ఇదొక్కటే. దీనికేమన్నా అయ్యిందో, నీ ఇంట్లో ఉండను" అని నాటిన రోజే చెప్పింది. అందుకే సోతిర్ అక్కడ మాత్రం పార దించేవాడు కాదు, వేరు తెగుతుందని భయం. పక్క చెట్టు కింద తవ్వి, దీనికీ అదే తీర్పు చెప్పేవాడు.

ఒక జూలైలో ఎండలు మండిపోయాయి.

"ఆకులు చెవులు వాల్చేశాయి సోతిర్. దీనికైనా నాలుగు చెంబులు పొయ్యవయ్యా."

"కింద తడుంది. మధ్యాహ్నం నువ్వూ వాలిపోతావు. సాయంత్రానికి లేచి నన్ను తిట్టట్లేదూ?"

ఆ ఏడూ, మరుసటి ఏడూ ఆ చెట్టు మిగతావాటికంటే నిగనిగలాడింది. సోతిర్ పొంగిపోయి పాండెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాడు. "చూడరా, చుక్క నీరు పొయ్యలేదు!" ఫానియా ఆ సమయానికి వంటింట్లో ఏదో పని కల్పించుకుంది.

ఆ రెండో ఏడు సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, చలికాలం పచ్చడి కోసం ఫానియా వాకిట్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తుండగా కొండ మీంచి గాలివాన దిగింది. అరగంటలో వెలిసింది. తోటంతా నిలబడే ఉంది. తేనె చెట్టు ఒక్కటి కాయలతో సహా పక్కకు ఒరిగిపోయింది.

సోతిర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళన్నీ చాపలా అల్లుకుని జానెడు లోతులోనే ఉన్నాయి. దాని కింద ఒక్క వేరు లేదు. అలవాటు కొద్దీ అడుగు మట్టిని పిడికిట్లో నొక్కాడు. చేతివేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. అరగంట వాన అంత లోతుకు దిగదు. అతను తల తిప్పి భార్య వంక చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినేడు జూలై నుంచి. నువ్వు కాఫీకి వెళ్ళగానే. ఒక బకెట్టు."

"రోజూనా?"

"ఆదివారం రెండు" అంది ఫానియా, ఏడుస్తూ. "మా నాన్న చెట్టును నేనే చంపుకున్నాను."

ఇన్నేళ్ళుగా సోతిర్ దాచుకున్న ఎత్తిపొడుపులన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఆమె ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. తానూ అక్కడ ఒక్కసారైనా తవ్వి చూడలేదు కదా. పాండెను కేకేశాడు. ఇద్దరూ కలిసి చెట్టును నెమ్మదిగా నిలబెట్టి, కొమ్మలు సగం కోసి, మూడు వైపులా గుంజలు పాతారు. కట్టడానికి ఫానియా తన ఏప్రన్ చింపి ఇచ్చింది.

"ఒట్టు, ఇంక చుక్క పొయ్యను" అంది.

"ఇప్పుడే పొయ్యాలే పిచ్చిదానా. సగం వేళ్ళు తెగాయి. ఇది మంచం పట్టిన మనిషి. మట్టిని చూసుకుంటూ కొంచెం కొంచెంగా పట్టించాలి."

రెండు వారాలు ఎండ కాశాక ఒక సాయంత్రం సోతిర్ బకెట్ మోసుకుని వాకిట్లోకి రావడం వీధంతా చూసింది.

"సోతిరన్నా! ఇదేం విడ్డూరం? నువ్వు చెట్టుకు నీళ్ళు పొయ్యడమా?" అని పాండె గోడ మీంచి అరిచాడు.

"నోర్ముయ్యరా. మా మామగారికి దాహమేస్తోంది."

వెనకే వస్తున్న ఫానియాకు ఆ మాట వినబడింది. కళ్ళు తుడుచుకుని, చెట్టు పక్కన వంగి, మట్టిలోకి వేళ్ళు దింపి గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కింది. బొటనవేలితో మీటింది. ముద్ద విరిగింది.

"పొయ్యి" అంది.