ఉన్నిదారాన్ని మోకు చేసిన మొనగాణ్ణి

సింహళం నుంచి వచ్చిన ఒక పరుగువీరుణ్ణి వేలమంది చూస్తూండగా వెల్లకిలా పడగొట్టిన ఘనత నాది. నేను మల్లయోధుణ్ణేమో అనుకునేరు. ఏలూరు మిషను స్కూల్లో భూగోళం చెప్పే బక్కపలచటి మాస్టర్ని. గాలివాన రోజున గొడుగు తెరిస్తే, గొడుగు ఎటు లాగితే అటు వెళ్ళే మనిషిని. అలాంటివాడు అంతటివాణ్ణి ఎలా పడగొట్టాడో చెబుతాను, నవ్వుకోండి. నా ఎదురుగుండా ఎలాగూ లేరు కదా.

ఇది ముప్ఫైల్లో మాట. మద్రాసులో పరుగుపందేలు పెడుతున్నారనీ, సింహళం, బర్మా, ఇంకా నోరు తిరగని పేర్లున్న దేశాల నుంచి ఆటగాళ్ళు వస్తున్నారనీ పత్రికలో చదివాను. చదివినప్పటి నుంచీ నాకు కుదురు లేదు. అసలు నాకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. ఏది కనబడినా, ఇదెందుకు, అదెందుకు అని అడగందే అన్నం సయించదు. చిన్నప్పుడు మా కలిదిండిలో జాలర్లు నా ప్రశ్నలు పడలేక, నా చేతికి దారమిచ్చి వలతాడు పేనడం నేర్పారు. పేనుతున్నంతసేపూ నోరు మూసుకుంటానని వాళ్ళ ఆశ. విద్య వచ్చింది కానీ నోరు మూతపడలేదు.

నా భార్య సుగుణ, మద్రాసనగానే బయలుదేరింది. ఆవిడ తమ్ముడు ప్రకాశం అక్కడే కాలేజీలో చదువుతూ, ఈ పందేలలో వాలంటీరుగా కూడా ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో మా మామగారికి మాత్రం ఈ సంగతి మింగుడుపడలేదు.

"పరిగెత్తేవాళ్ళని చూడ్డానికి మద్రాసుదాకా ఎందుకండీ అల్లుడుగారూ? రైలు కదిలేవేళకి మా గూడెం స్టేషన్లో నిలబడండి. కావలసినంతమంది కనపడతారు" అన్నారు.

అయినా వెళ్ళాం. ప్రకాశానికి ఇష్టమని సుగుణ కొల్లేటి ఎండుచేపలు మూట కట్టింది. ఆ మూట మహిమ ఏం చెప్పను? ఏలూరులో నిలబడటానికి చోటు లేని పెట్టెలోకి ఎక్కినవాళ్ళం, తెనాలి దాటేసరికి కాళ్ళు చాపుకుని పడుకున్నాం.

మైదానంలో ప్రకాశం మమ్మల్ని మంచి చోట కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చున్నాడు. అదే వాడు చేసిన తప్పు. ఇనపగుండు అంత కష్టపడి విసరడం దేనికి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం దేనికి అని అడిగాను. దారికడ్డంగా దడులు పెట్టారు కదా, అవేవో ముందే తీసేస్తే అందరూ హాయిగా పరిగెత్తుతారు కదా అన్నాను. ఒకాయన పొడుగాటి వెదురుగెడ పట్టుకుని ఎగిరి కొయ్య దాటితే, మా కొల్లేట్లో ఇలాంటి గెడతో దోనె నడుపుతారు, మరి ఈయన దోనె ఏదీ అన్నాను. ప్రకాశం మొదట్లో ఓపిగ్గా చెప్పాడు. తరవాత ముక్తసరిగా చెప్పాడు. చివరికి తన చొక్కాకున్న వాలంటీర్ల నీలం రిబ్బను బిళ్ళ తీసి నా కోటుకు గుచ్చేశాడు.

"బావగారూ, ఇది పెట్టుకుని కిందికెళ్ళి దగ్గర్నుంచే చూసి రండి. ఒక్కటే మనవి. అక్కడ ఎవర్నీ ఏమీ అడక్కండి."

మాటిచ్చి దిగాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నాకు అడగకుండానే పెట్టారు. మైలు పందెం మొదలవుతూండగా తెల్లటోపీ పెట్టుకున్న ఒక దొర నా బిళ్ళ చూసి, "హోల్డ్ దిస్" అని ఒక దారం కొస నా చేతిలో పెట్టి, మిగిలిన ఉండ కూడా అప్పగించి, గడియారం చూసుకుంటూ పక్కకెళ్ళాడు. ఆ దారం రెండో కొస అవతలి గట్టున గుంజకి కట్టి ఉంది. మధ్యలో, కిందన, సున్నంగీత.

పట్టుకుని చూశాను. మెత్తటి ఉన్నిదారం. దేనికిది? అడగకూడదు, మాటిచ్చాను. కనుక ఆలోచించాను. నేను ఆలోచించడం మొదలుపెట్టానంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. మైదానం చుట్టూ నాలుగు చుట్లు, అంత ఉరుకు మీద వచ్చేవాళ్ళు చప్పున ఆగగలరా? ఆగలేరు. ఎవరో ఒకరు ఆపాలి. గొడ్లు పారిపోకుండా దొడ్డివాకిలికి అడ్డతాడు కట్టమా? ఇదీ అదే. కానీ ఇంత పల్చటి దారం వాళ్ళని ఆపుతుందా? పాపం దొరలు, వాళ్ళకి తాళ్ళ సంగతి తెలీదు.

వాళ్ళు ఇంకా రెండో చుట్టులోనే ఉన్నారు. ఉండ విప్పి గుంజకీ నాకూ మధ్య నాలుగైదు వరసలు తిప్పి, కలిదిండిలో నేర్చినట్టు బిగించి పేనాను. మధ్యలో వాళ్ళు గీత దాటినప్పుడల్లా దాన్ని నేలమీదికి వదిలేశాను. దొరలందరి చూపూ పరుగు మీదే ఉంది. పేనిన తాడు చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఆఖరి చుట్టు మొదలవగానే కొస మణికట్టుకు చుట్టుకుని, మడమలు నేలకి తన్ని నిలబడ్డాను.

తెగేదాకా లాగకూడదని పెద్దలన్నారు. ఆ దారం తెగడానికే పుట్టిందని మాత్రం ఒక్క పెద్దా చెప్పలేదు.

ఆఖరి చుట్టులో అందరికన్నా ముందు సింహళం ఆయన. వెనకాలే మన మద్రాసు కుర్రవాడు. జనం లేచి నిలబడ్డారు. ఆయన రొమ్ము విరుచుకుని, రెండు చేతులూ పైకెత్తి, నవ్వుతూ వచ్చి నా తాడుని కొట్టాడు. తాడు తెగలేదు. ఆయన వింటిలోంచి వెనక్కి దూకిన బాణంలా వెల్లకిలా పడ్డాడు. నేను ముందుకు బోర్లా పడి, గీత అవతల తేలాను. ఆ లెక్కన గీత దాటినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. మద్రాసు కుర్రవాడు తాడు కింద నుంచి దూరి నా తరవాత దాటాడు.

మైదానం హోరెత్తింది. మనవాడే గెలిచాడని జనం ఒకటే కేకలు. పడ్డాయన రొమ్ము గీతదాకా వచ్చిందా, రాలేదా అని దొరలు తర్జనభర్జన పడ్డారు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. తాడు పట్టుకున్నవాణ్ణి నేను కదా. ఈలోగా ప్రకాశం రొప్పుతూ వచ్చాడు.

"ఏమీ చూళ్ళేదనెయ్యండి బావగారూ. జనం మంచి ఊపు మీదున్నారు" అన్నాడు నా చెవిలో.

భయం వేయలేదంటే అబద్ధం. వెనకాల అంతమంది, ముందు దొరలు, పక్కన మోచేతులు దోక్కుపోయి కూర్చున్న ఆ పెద్దమనిషి. అప్పటికే ఆయన్ని పడగొట్టాను. అబద్ధమాడి ఓడగొట్టడం కూడానా? మణికట్టు చూపించాను. చుట్టూ ఎర్రగా కోసుకుపోయి ఉంది.

"ఈయన రొమ్ము తగిలినప్పుడే ఇది కోసుకుపోయిందండి. రెండో ఆయన అప్పటికింకా వెనకాలే ఉన్నాడు" అన్నాను.

"దారం ఎందుకంత గట్టిగా పట్టుకున్నావు?" అన్నాడు దొర.

"ఆపకపోతే ఎంతదూరం వెళ్ళిపోతాడోనని."

దొర టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సింహళం ఆయనే గెలిచాడని ప్రకటించారు. జనం నా మీద వేరుశెనగ పొట్టు కురిపించారు. ప్రకాశం బిళ్ళ దొరలు ఊడబెరుక్కున్నారు. పడ్డాయన మటుకు కుంటుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీరేం చేస్తుంటారని అడిగాడు. బడిలో మాస్టర్నన్నాను.

"అయితే మీ పిల్లలెవరూ బడి ఎగ్గొట్టి పారిపోలేరు" అని నవ్వాడు.

ప్రకాశం గదికి నడిచి వెళుతూంటే సుగుణ నా పక్కకి వచ్చింది. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటుందేమోనని నేను నెమ్మదిగా నడుస్తున్నాను. ఆవిడ ఇలా అంది.

"ఏవండీ, అంత సముద్రం దాటొచ్చాడు కదండీ ఆయన. సున్నంగీత దాటనివ్వకపోయారా?"

అందుచేత చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా పరిగెత్తేవాణ్ణి ఎవణ్ణీ ఆపను. చివరికి నా జేబు కొట్టి పారిపోతున్న దొంగయినా సరే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పక్కకి తప్పుకుని, ముందు వాడి పందెం పూర్తి కానిస్తాను.