గులిజార్ నేలమాళిగకు దిగిన రోజు

మా ఊళ్ళో ఆడవాళ్ళెవరు పోయినా కడిగి కఫన్ గుడ్డ చుట్టేది గులిజారే. మా ఎర్జురుమ్ కొండల చలికి కట్టెల్లా బిగుసుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా సాగదీసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, తల దువ్వి పంపించేది. శవానికి భయపడని మనిషి ఇంక దేనికీ భయపడదని అందరూ అనుకునేవారు. గోడకు గోడ ఆనుకుని ఉన్న పొరుగింటిదాన్ని కనుక నాకు అసలు సంగతి తెలుసు. ఆమెకు తన ఇంటి నేలమాళిగలో నీళ్ళు కాచి గదులన్నీ వెచ్చబెట్టే బాయిలర్ అంటే భయం.

ఆమె కొత్తకోడలిగా వచ్చిన ఏడాది పైవీధిలో ఒకరింట బొగ్గు బాయిలర్ పేలింది. అందులో పోయిన ఇల్లాలిని కడగడానికి అప్పట్లో ఆ పని చేసే ముసలమ్మ, ఒక్కదానికీ చేతులాడక, గులిజార్‌ను తోడు పిలిచింది. ఆ రోజు ఆ గదిలో ఏం చూసిందో గులిజార్ ఎవరికీ చెప్పలేదు. కడిగే పని మాత్రం అలాగే చేతికి అంటుకుపోయింది. తన ఇంటి నేలమాళిగ మెట్లు మాత్రం ఎన్నడూ దిగలేదు. బొగ్గు వేయడం, బూడిద తోడటం అంతా భర్త రుస్తెమ్, లేకపోతే మరిది సెర్వెత్ చూసుకునేవారు.

ఆ చలికాలం సెర్వెత్ భార్య నెర్మిన్ ప్రసవించింది. పాపకు ఇంకా నలభై రోజులు నిండలేదు. బాలింత ఉన్న పైగదిలో వేడినీళ్ళు తిరిగే గోడ రేడియేటర్ కారుతోందని అన్నదమ్ములు గొట్టాల్లో నీళ్ళన్నీ దించేసి, కొత్తది బిగించి, మళ్ళీ నీళ్ళు నింపారు. మర్నాడు తెల్లవారుతూనే బాయిలర్ నిండా బొగ్గు వేసి, లారీ తీసుకుని బయలుదేరారు. మధ్యాహ్నానికల్లా మంచుతుఫాను పట్టుకుంది. వాళ్ళు కోప్ కనుమలో చిక్కుకుపోయారు.

"అక్కా, ఈ కొత్తది మంచుగడ్డలా ఉంది. పాప ముక్కు చూడు, ఎంత చల్లబడిపోయిందో" అంది నెర్మిన్.

గులిజార్ రేడియేటర్ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. కానీ కింద నుంచి దబ్... దబ్... అని, ఎవరో గొట్టాన్ని సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు వినిపించింది. భర్తకు ఫోన్ చేసింది.

"బాయిలర్ మీద ఒత్తిడి సూది ఎక్కడుంది?" అన్నాడు రుస్తెమ్.

"నాకేం తెలుసు? నేను దిగలేదు."

"దిగు గులీ."

"చంపినా దిగను."

"ఒక్కసారి విను. కొత్తగా నింపిన నీళ్ళల్లో గాలుండిపోయింది. అది పైగొట్టంలో అడ్డం పడి నీళ్ళని తిరగనివ్వట్లేదు. కింద మంటేమో మండుతోంది. దానికితోడు అటక మీద నీళ్ళతొట్టికి పోయే గొట్టం గడ్డకట్టిందనుకో, ఆవిరి పోడానికి దారుండదు. అప్పుడు..."

"పేలుద్ది" అంది గులిజార్.

"ముందు పిల్లనీ తల్లినీ బయటికి పంపించెయ్" అన్నాడు.

వాళ్ళు మా తలుపే తట్టారు. పాపను శాలువాలో చుట్టి నెర్మిన్, వెనకాల తలకు గుడ్డ కూడా సరిగా లేకుండా గులిజార్. నేను అగ్నిమాపకదళానికి ఫోన్ చేస్తే, దారిలో మంచు తోడాలి, వస్తున్నాం అన్నారు.

"ఫిక్రియే అక్కా, మన గోడ ఒకటే. అందరూ ఎదురింటికి పొండి" అంది గులిజార్.

"మరి ఈయన?" అన్నాను. మా ఆయన తుంటి విరిగి మంచం మీద ఉన్నాడు. ఆ మంచులో ఆయన్ని మోయడం మా వల్ల అయ్యే పని కాదు.

ఆయన నవ్వబోయాడు. "నన్ను కడిగేపని నీది కాదులే గులిజార్, నేను మగాణ్ణి. పారిపో."

"నోరు మూసుకో అన్నా" అంది ఆమె. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గిరుక్కున తిరిగి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. నెర్మిన్‌ను ఎదురింటికి పంపి నేను మా ఆయన దగ్గరే కూర్చున్నాను. గోడలోంచి ఆ దెబ్బలు మాకూ వినిపిస్తున్నాయి.

అక్కడ జరిగింది తర్వాత ఆమే చెప్పింది. ఫోన్ చెవి దగ్గర తలగుడ్డలో దోపుకుని మెట్లు దిగిందట. సూది ఎర్రగీత దాటి చివరకు తగులుకుని ఉంది. ఇనుము వణుకుతోంది. చివరి మెట్టు మీద కూలబడింది. చిన్నప్పటి నుంచి చదివిన దువా ప్రార్థనలో మొదటి మాట కూడా గుర్తు రాలేదు.

"నీళ్ళు తిప్పే మోటారు ఆపు" అన్నాడు రుస్తెమ్. "మంటకి గాలిపోయే ద్వారం మూసెయ్. మూశావా? ఇప్పుడు నిప్పులు బయటికి లాగు. వాటి మీద నీళ్ళు మాత్రం పొయ్యకు తల్లీ, ఒక్క చుక్క కూడా."

ఇనుప బకెట్‌లోకి నిప్పులు తోడి, మెట్లెక్కి, పెరట్లో మంచు మీద కుమ్మరించి వచ్చేది. బయటికి వెళ్ళిన ప్రతిసారీ ఇంక వెనక్కి రావద్దనిపించేది. దబ్‌మన్నప్పుడల్లా తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకుపోయేది. కిటికీలోంచి చూస్తే నాకు మంచులోంచి లేచే పొగ, మళ్ళీ లోపలికి పోతున్న ఆమె వీపు కనిపించేవి.

పొయ్యి ఖాళీ అయింది. చప్పుడు మాత్రం తగ్గలేదు.

"ఇప్పుడు పైకెళ్ళి గాలి వదులు."

కొత్త రేడియేటర్ పైమూలనున్న చిన్న మరను కీతో తిప్పింది. బుస్సుమంటూ కుళ్ళువాసన కొట్టే గాలి వచ్చింది. ఆ బుస అంతకంతకూ పెరిగేసరికి చటుక్కున బిగించి గుమ్మం దాకా పరిగెత్తింది.

"ఎందుకు మూశావ్?"

"అరుస్తోందయ్యా అది!"

"అరవనీ. అది వట్టి గాలే. నీళ్ళొచ్చేదాకా వదలకు."

మళ్ళీ తిప్పింది. గాలి దగ్గినట్టు తెరలు తెరలుగా వచ్చింది. నల్లటి చుక్కలు చిమ్మాయి. ఉన్నట్టుండి మరిగే నీళ్ళు మణికట్టు మీద పడ్డాయి. కేక పెట్టింది గానీ కీ వదల్లేదు. ధార ఆగకుండా రావడం చూసి అప్పుడు బిగించింది. కిందికి దిగి మోటారు వేస్తే, గొట్టాల్లో నీళ్ళు గలగలమంటూ పైకి పరిగెత్తాయి. దెబ్బలు సన్నగిల్లి ఆగిపోయాయి. సూది నెమ్మదిగా వెనక్కి జరిగింది.

దళం వాళ్ళు వచ్చి అటక ఎక్కి చూశారు. తొట్టిగొట్టం నిజంగానే గడ్డకట్టి ఉంది. వేడిగుడ్డలు చుట్టి దాన్ని కరిగించి వెళ్ళారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పడుకున్న గులిజార్‌కు చలిజ్వరం వచ్చింది. బొబ్బలెక్కిన చేతికి గుడ్డ కట్టి, టీ గ్లాసు నేనే నోటికి అందించాను.

"శవం ఏం చేస్తుంది అక్కా?" అంది పళ్ళు కొట్టుకుంటూ. "ఆ బాయిలర్ బతికుంది. నేను దిగుతున్నానని దానికి తెలుసు."

కనుమ తెరిచాక రుస్తెమ్ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంటికి రా గులీ. ఏమీ కాలేదుగా?"

"ఏమీ కాలేదు కాబట్టే మాట్లాడుతున్నాను. అది నా కాళ్ళ కింద ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పడుకోను."

అన్నంత పనీ చేసింది. పగలు ఇంట్లో వంటావార్పూ చూసుకుని, పడుకోవడానికి మా ఇంటికి వచ్చేది. మంచు కరిగి నేల మెత్తబడగానే అన్నదమ్ములిద్దరూ పెరటి చివర రాతిగది కట్టి, బాయిలర్‌ను అక్కడికి మార్చారు. అప్పుడు గానీ ఆమె తన పరుపు మా ఇంట్లోంచి తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత కూడా గొట్టంలో ఎక్కడైనా చిన్న చప్పుడైతే, సూప్ చెంచా పట్టుకున్న ఆమె చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయేది.