దిమ్మ పట్టే మనిషి

ఇంటి వెనక షెడ్డులో సొంతంగా చిన్న విమానం కడుతున్నాడని వీధిలో ఆయనకు విమానం బాబాయి అని పేరు పడిపోయింది. రెక్క రేకులను బిగించే రివెట్లు కొట్టాలంటే ఇద్దరుండాలి. ఇవతల ఒకరు కొడుతుంటే, అవతల ఒకరు ఇనుపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. నిరుడు భార్య పోయేదాకా ఆ పని ఆమెది. ఇప్పుడు ఆయనే రెండు చేతులూ చాచి రెండు పనులూ చేస్తాడు. దిమ్మ జారుతుంది, రివెట్టు వంకరపోతుంది. కళ్లద్దాలు సవరించుకుని, ఊపిరి బిగబట్టి, దాని తలను డ్రిల్లుతో తొలిచి, మిగిలిన కాడను సన్న చువ్వతో తట్టి తీస్తాడు. పొద్దున కొట్టినవన్నీ సాయంత్రానికి పీకుతాడు.

అలా పీకీ పీకీ ఒకచోట కన్నం వదులైంది. లావు రివెట్టు వేయాలి. అదీ పాడైతే రేకే మార్చాలి. ఇక తప్పక, గోడవతల బట్టలారేస్తున్న పక్కింటామెను పిలిచాడు.

"అమ్మాయీ, ఒక్క నిమిషం ఈ దిమ్మ పట్టుకుంటావా?"

"అడగడానికి ఏడాది పట్టిందా బాబాయ్! పడతాను గానీ, నన్ను మాత్రం దాంట్లో ఎక్కించకండి" అంటూ ఆమె తడిచేతులు దులుపుకుంటూ వచ్చింది.

రివెట్టు చక్కగా కూర్చుంది. ఆయన దాన్ని వేలితో తడిమి తడిమి చూశాడు.

"పక్కది వదులైనట్టుందమ్మా. రేపొకసారి వస్తావా?"

"అలాగే" అని ఆమె వెళ్లిపోయాక, గట్టిగా ఉన్న ఆ పక్క రివెట్టు తల మీద డ్రిల్లు పెట్టాడు.